వాన కురిసే గది

రేడియేషన్ గదిలో వాన కురుస్తుందని తాతారావుకి మొదటిరోజే తెలుస్తుంది. బల్ల మీద పడుకోబెట్టి, పొత్తికడుపు మీద వేసిన చుక్కలకి ఎర్రటి వెలుతురు గీతని సరిచూసి, కదలొద్దని చెప్పి అందరూ బయటికి వెళ్ళిపోతారు. గోడంత మందమున్న తలుపు మూసుకుంటుంది. యంత్రం ఆయన చుట్టూ తిరగడం మొదలుపెట్టగానే సీలింగు నుంచి సన్నగా, ఏటవాలుగా వాన పడుతుంది.

బయటికి వచ్చేసరికి పంచె తడిసి కాళ్ళకి అంటుకుపోయి ఉంటుంది. వరండాలో భార్య మంగతాయారు లేచి నిలబడుతుంది.

“ఏంటండీ, ఇలా తడిసిపోయారు?”

“లోపల వాన.”

ఆవిడ పంచె వైపు చూస్తుంది. తర్వాత ఆయన మొహం వైపు చూస్తుంది. “చెబితే తువ్వాలు తెచ్చేదాన్ని కదా,” అంటుంది.

తాతారావు కాకినాడ చుట్టుపక్కల ఊళ్ళలో కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. తుఫానుల్లో స్తంభాలెక్కినవాడు. ఆరేళ్ళ క్రితం ప్రొస్టేట్ గ్రంథికి క్యాన్సరని ఆపరేషన్ చేసి దాన్ని తీసేశారు. ప్రాణం దక్కింది గానీ, అప్పట్నుంచీ మూత్రం ఆయన మాట వినదు. దగ్గితే చాలు, జారిపోతుంది. ఆస్పత్రి నుంచి రాగానే ఆయన మడతమంచం వీధి వసారాలోకి మార్చుకున్నాడు. గదిలో ఉక్కగా ఉందన్నాడు. మంగతాయారు కొత్త ఫ్యాను వేయించింది. ఆయన లోపలికి రాలేదు.

ఇప్పుడు రక్తపరీక్షలో సున్నా దగ్గర ఉండాల్సిన అంకె మెల్లగా పైకి లేచింది. తీసేసిన చోటే, ఏమీ లేని చోటే, క్యాన్సరు మళ్ళీ వచ్చిందంటున్నారు డాక్టరుగారు. ఆ ఖాళీకి వైద్యం చేస్తున్నారు.

మూత్రాశయం నిండుగా ఉండాలని, యంత్రం కిందికి వెళ్ళేముందు సీసాడు నీళ్ళు తాగాలి. చుక్క వదలకుండా ఉగ్గబట్టుకుని కూర్చోవాలి. తాతారావు పళ్ళు బిగించి కూర్చుంటాడు. మంగతాయారు పక్కన చేరి మునగచెట్టుకి గొంగళిపురుగులు పట్టాయనీ, పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడనీ చెబుతూనే ఉంటుంది. ఆయన వింటున్నాడో లేదో చూడదు.

రోజులు గడిచేకొద్దీ వాన ముదురుతుంది. ఒకరోజు ఆయన మోకాళ్ళదాకా బురదతో బయటికొస్తాడు. ఇంకోరోజు జుట్టులో వరిమొలక ఉంటుంది. మంగతాయారు దాన్ని వేళ్ళతో సహా తీసి, తడి గుడ్డలో చుట్టుకుంటుంది.

“మా ఆయనకి లోపలంతా ఎండేనండి,” అంటుంది పక్క కుర్చీలో ఆవిడ. “పెదాలు పగిలిపోతున్నాయి. మీవారు నయం.”

ఆ సాయంత్రం అన్నం దగ్గర తాతారావు తలెత్తకుండా అంటాడు.

“రేపట్నుంచి నువ్వు రావద్దు తాయారూ. నేనొక్కణ్ణే పోయొస్తాను.”

“ఏం?”

“ఆటోలో నా పక్కన కూర్చుంటున్నావు. వాసనొస్తోంది.”

ఆవిడ ఆయన కంచంలో మజ్జిగ పోస్తుంది. “వాన వాసనే కదండీ,” అంటుంది.

మర్నాడూ వస్తుంది. ఆ మర్నాడూ వస్తుంది.

ఆఖరిరోజు తాతారావు పేరు పిలిచినప్పుడు ఆవిడ కూడా లేస్తుంది. తలుపు దగ్గర టెక్నీషియన్ హెప్సిబా చెయ్యి అడ్డం పెడుతుంది.

“లోపల వాన పేషెంటుకి మాత్రమేనండి. తోడొచ్చినవాళ్ళకి వరండాలో ఫ్యాన్లున్నాయి. మీకు రేడియేషన్ తగులుతుంది.”

“ఆయనకి తగిలింది నాకు తగలకుండా ఎప్పుడుందమ్మా.”

హెప్సిబా చేతిలో కాగితాలు తిరగేస్తుంది. “అయితే మీ పుట్టినతేదీ చెప్పాలండి. చెప్పకుండా ఎవర్నీ పంపం.”

“తేదీ తెలీదు. కోతలప్పుడు పుట్టానని మా అమ్మ అనేది.”

“అది చాలండి,” అని హెప్సిబా చెయ్యి తీసేస్తుంది.

తలుపు మూసుకుంటుంది. వాన అప్పటికే పడుతోంది. తాతారావు బల్ల మీద బిగుసుకుని పడుకుని ఉన్నాడు.

“ఎందుకొచ్చావు? ఇక్కడ నీకు చోటెక్కడుంది?”

“జరగండి.”

“కదలొద్దన్నారు.”

“కదలకుండా జరగండి.”

ఆయన కదలకుండా జరుగుతాడు. ఆవిడ పక్కన పడుకుని తల ఆయన భుజం మీద పెడుతుంది. ఆరేళ్ళలో ఇద్దరూ ఒకే పక్క మీద పడుకోవడం ఇదే మొదటిసారి. యంత్రం ఇద్దరి చుట్టూ తిరుగుతుంది. నీళ్ళు బల్ల అంచు దాకా వస్తాయి, చెవుల్ని ముంచుతాయి, ముక్కుల్ని దాటి పైకి పోతాయి. ఇద్దరికీ ఊపిరి మామూలుగానే ఆడుతుంది.

తాతారావు ఉగ్గబట్టుకున్నదంతా వదిలేస్తాడు. వెచ్చదనం కాళ్ళ మధ్య నుంచి నీళ్ళలోకి పాకుతుంది. వెంటనే ఏడుపొస్తుంది. అదీ వదిలేస్తాడు. ఆ నీళ్ళలో ఏది ఏదో చెప్పడానికి లేదు.

“తగ్గుతుందంటావా?” అంటాడు.

“తెలీదండి,” అంటుంది ఆవిడ. ఆయన మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కుంటుంది.

యంత్రం ఆగిపోతుంది. తలుపు తెరవడానికి ఎవరూ రారు. పైన, చాలా ఎత్తున, ఒక పడవ అడుగు నల్లగా కనబడుతుంది. పడవలోంచి ఎవరో వాళ్ళిద్దర్నీ ఇంటిపేరుతో సహా పిలుస్తున్నారు. తాతారావు బదులు చెప్పబోతాడు. పలికితే తీసుకుపోతారన్నట్టు మంగతాయారు ఆయన పెదవుల మీద వేలు పెడుతుంది. పడవలోంచి గాజుల్లేని పొడవాటి చెయ్యి ఒకటి నీళ్ళలోకి దిగి, వెతుక్కుంటూ వెతుక్కుంటూ వాళ్ళ దాకా వస్తుంది. ఇద్దరి జుట్టూ కలిపి గుప్పిట పట్టుకుంటుంది. నాచు అనుకుని వదిలేస్తుంది.