రూతు పెట్టిన సంతకం

ఉదయం పదిన్నరకి, ఐసునీళ్ళలో చేతులు మొద్దుబారిపోయే వేళ, సూపర్‌వైజరు కేశవరావు షెడ్డులోకి వచ్చి శారోన్ తల మీది టోపీ లాగేశాడు. నూట యాభైమంది ఆడవాళ్ళు చూస్తుండగా ఏప్రాను విప్పించాడు.

"బయటికి నడు. నీతో కలిసి బాత్రూముకి ఎళ్ళలేమని ఆడోళ్ళందరూ కంప్లెయింట్ ఇచ్చేరు. ఇవిగో సంతకాలు."

అల్లవరం దగ్గర రొయ్యలు ఒలిచి విదేశాలకి పంపే కంపెనీ అది. శారోన్‌కి ఇరవై రెండేళ్ళు. పుట్టినప్పుడు పెట్టిన పేరు శామ్యూలు. ఇంటర్ అయ్యాక ఇల్లు వదిలి వెళ్ళి, రెండేళ్ళ తర్వాత తను అనుకున్న మనిషిగా, చుడీదారు వేసుకుని తిరిగొచ్చింది. తండ్రి ఫిలిప్ గుమ్మంలోంచే పంపేశాడు. అమలాపురంలో స్నేహితురాళ్ళతో గది తీసుకుని ఉంటోంది. తల్లి రూతే కాళ్ళావేళ్ళా పడి ఆమెను ఈ పనిలో పెట్టించింది.

ఆ రూతు నాలుగో బల్ల దగ్గర నిలబడి ఉంది. ఆమె చేతులు ఆగలేదు. రొయ్య తలలు తుంచి టబ్బులో వేస్తూనే ఉంది.

శారోన్ కాగితం అందుకుని పైనుంచి కిందికి చదివింది. ఒకచోట ఆమె చూపు ఆగిపోయింది. తలెత్తి నాలుగో బల్ల వైపు చూసింది. గమ్‌బూట్లు విప్పి గోడవారన పెట్టి, వట్టికాళ్ళతో వెళ్ళిపోయింది.

రూతుకి చదువు వచ్చు. అందులో ఏం రాసి ఉందో చదివే పెట్టింది సంతకం. పెట్టకపోతే తల్లీబిడ్డలిద్దరినీ తీసేస్తానన్నాడు కేశవరావు.

సాయంత్రం అన్నం వడ్డిస్తూ మొగుడితో అంది. "సంఘంలో చెప్పండి. నలుగురూ వచ్చి అడిగితే ఆడు దిగొస్తాడు."

ఫిలిప్ కొబ్బరి ఒలుపు కార్మికుల సంఘంలో పాత మనిషి. జెండా పట్టుకుని ముందు నడిచేవాడు.

"ఏమని చెప్పనే? నా కొడుకు ఆడదయ్యేడు, పన్లోంచి తీసేసేరు, రండర్రా అని చెప్పనా? నవ్వుతారు."

"ఎవరి పని పోయినా మీరే ముందుంటారు కదండీ."

ఫిలిప్ కంచం నెట్టేసి లేచిపోయాడు.

బలం చూసుకునేవాడు ముందు ఒంటరి మనిషి మీదే చెయ్యి వేస్తాడు. ఎవరూ అడ్డం రాలేదని తెలిశాక అందరి మీదికీ చెయ్యి చాపుతాడు. రెండో రోజు పొద్దున ఆడవాళ్ళ బాత్రూముకి తాళం పడింది.

"గొడవ మీరే కదా తెచ్చేరు. ఇకనించీ తాళంచెవి నా దగ్గరుంటది. షిఫ్టుకి రెండుసార్లే," అన్నాడు కేశవరావు.

మూడు రోజులు ఓర్చుకున్నారు. నాలుగో రోజు పక్క బల్ల బ్లెస్సీ తాళంచెవి అడిగింది. ఆమెకి అయిదో నెల. "ఇందాకే కదా ఎళ్ళొచ్చేవు," అని పంపేశాడు. మరో గంటకి నిలబడ్డ చోటే ఆమె బట్టలు తడిసిపోయాయి. ఏప్రాను చుట్టుకుని టబ్బుల చాటున కూలబడి ఏడ్చింది.

అన్నాల వేళకి అందరూ కాలవ అవతల కొబ్బరితోటలో చేరారు. సముద్రం ఒడ్డునుంచి వచ్చే చిన్నతల్లి వాళ్ళలో వయసులో పెద్దది, నోరున్న మనిషి.

"రేపు పన్లోకి దిగం. తాళం తీసేదాకా గేటు దగ్గర కూచుంటాం. ఏమంటారు?"

"శారోన్ సంగతో?" అని ఎవరో అడిగారు.

"అది కలపొద్దు," అంది సత్యశ్రీ. డిగ్రీ మధ్యలో ఆపి పనిలో చేరిన పిల్ల. "కలిపితే ఊరంతా అదే మాట్లాడుకుంటారు. మన మాట పక్కకి పోద్ది."

చాలా తలలు ఊగాయి. రూతు లేచి నిలబడింది. ఇంతమందిలో ఆమె ఎన్నడూ నోరు విప్పలేదు.

"ఆ కాగితం మీద కన్నతల్లిని, నేనూ పెట్టేను సంతకం. ఒక్క మాట చెప్పండి. మీలో ఎవరైనా దాన్ని ఆ బాత్రూములో చూసేరా?"

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చూసుండరు. ఒక్కరోజు కూడా ఎళ్ళలేదు. మీరేమనుకుంటారోనని పొద్దున్నించీ గుక్కెడు నీళ్ళు తాగేది కాదు. ఆర్నెల్లు అలాగే నిలబడి పనిచేసింది. నాకు తెలుసు. తెలిసే పెట్టేను."

చిన్నతల్లి తన బొటనవేలు చూసుకుంది.

"నేను ఏలుముద్ర ఏసేను. అందులో ఏముందని అడగనన్నా లేదు." తర్వాత సత్యశ్రీ వైపు తిరిగింది. "నాలుగు రోజుల్నించీ నువ్వు నీళ్ళు తాగుతున్నావా అమ్మా?"

సత్యశ్రీ తల అడ్డంగా ఊపింది.

"నేనూ తాగట్లేదు. ఆ పిల్లకి చేసిందే మనకీ చేసేడు. తాళం తియ్యాలి, పిల్లని లోపలికి తేవాలి. రెండూ ఒకటే మాట."

ఇంకా ఇద్దరు ముగ్గురు గొణిగారు. ఆ రెండు కోర్కెలతో కొత్త కాగితం మాత్రం సత్యశ్రీయే రాసింది.

పని దిగగానే రూతు అమలాపురం వెళ్ళింది. శారోన్ తలుపు సగమే తీసింది.

"నాకోసం వచ్చేవా, మీ తాళం కోసం వచ్చేవా?"

"రెంటికీనమ్మా."

శారోన్ తలుపు వేసేసింది. కానీ తెల్లారి ఏడింటికి గేటు దగ్గరికి వచ్చి చిన్నతల్లి పక్కన కూర్చుంది.

మధ్యాహ్నానికి రొయ్యల లారీలు రోడ్డు పొడవునా ఆగిపోయాయి. ఐసు కరిగి నీళ్ళు గేటు ముందుకి పారుతున్నాయి. పోలీసులు వచ్చారు. ఎస్సై చేతిలో కంపెనీ ఇచ్చిన పేర్ల జాబితా ఉంది.

"శామ్యూలు ఎవడు? ముందు వాణ్ణి జీపెక్కించండి. మగాడికి ఆడాళ్ళ మధ్య ఏం పని?"

ఇద్దరు కానిస్టేబుళ్ళు ముందుకి వచ్చారు. రూతు లేచి అడ్డం నిలబడింది.

"ఆ పేరుగలవారు ఇక్కడ లేరండి. ఈ పిల్ల శారోన్. ఫిలిప్, రూతుల కూతురు. అలాగే రాసుకోండి."

"రాయకపోతే?"

"రాసేదాకా కూచుంటామండి."

"ఆయ్, మాకేం తొందర లేదండి," అంది చిన్నతల్లి. ఆడవాళ్ళు శారోన్ చుట్టూ జరిగి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఆమెను ఒక్కదాన్నే విడదీయడం కానిస్టేబుళ్ళ వల్ల కాలేదు. చివరికి ఎస్సై విసుక్కుని, చేతికందినవాళ్ళని అందరినీ వ్యానెక్కించమన్నాడు. నలభైమంది ఎక్కారు. మిగతావాళ్ళని గేటు దగ్గర్నించి రోడ్డు మీదికి నెట్టేశారు. శారోన్ వాళ్ళ మధ్యే ఎక్కింది.

వ్యాన్లో రూతు కూతురి పక్కన ఇరుక్కుని కూర్చుంది. శారోన్ కిటికీ ఊచల వైపే చూస్తూ అడిగింది.

"ఆ రోజు సంతకం పెట్టినప్పుడు నీ చెయ్యి వణికిందా అమ్మా?"

అబద్ధం చెప్పడం ఆ క్షణంలో తేలికే.

"లేదమ్మా," అంది రూతు.

శారోన్, తల్లి మీద వాలనూ లేదు, పక్కకి జరగనూ లేదు.

వ్యాను కదిలే వేళకి కబురు అందుకుని ఒలుపు కార్మికుల సంఘం పెద్ద నూకయ్య, పదిమంది మనుషులతో జెండా పట్టుకుని కాలవ వంతెన దిగుతున్నాడు. రూతు ఒక్కొక్క మొహమే వెతికింది. ఫిలిప్ లేడు.

అప్పుడే రెండో షిఫ్టు ఆడవాళ్ళు ఆటోలు దిగారు. కేశవరావు గేటు బార్లా తెరిపించి, లోపలికి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. వాళ్ళు వెళ్తున్న వ్యాను వైపు చూశారు, గేటు వైపు చూశారు. అన్నం క్యారేజీలు పక్కన పెట్టుకుని, ఇందాకటివాళ్ళు లేచిన చోటే, ఆ తడిలోనే కూర్చున్నారు.