సిస్టర్ ఐవీ కారుకు నాలుగు క్యాపులు

మా అక్క వెర్నా, ఆ హోల్డెన్ కారు ఒకే ఏడాది పుట్టారు, యాభై ఎనిమిదిలో. అక్క పుట్టినప్పుడు అమ్మకు పురుడు పోయడానికి సిస్టర్ ఐవీ ట్రెజీస్ మా ఇంటికి వచ్చింది ఆ కారులోనే. మూంటా, కాడినా, వాలరూ మూడు ఊళ్లకూ, చుట్టూ బార్లీ పొలాల్లో విసిరేసినట్టుండే ఇళ్లకూ పన్నెండేళ్లు ఆవిడే నర్సు. ఆ కారే ఆవిడ కాళ్లు.

ఆ తర్వాత కారు చేతులు మారి మారి పాస్కెవిల్ దగ్గర ఓ గొర్రెల షెడ్డులో తేలింది. వెనక సీటులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. ముప్ఫయ్యొక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన మా అక్క దాన్ని లారీకెక్కించి ఇంటికి తెచ్చుకుంది. బాగుచేయడానికి ఆరేళ్లు పట్టింది. ఇంజను, తలుపులు, తుప్పు తినేసిన అడుగు రేకు, అన్నీ తన చేత్తోనే. పట్టుకోమన్నది నేను పట్టుకున్నాను, అంతకు మించి నా గొప్పేం లేదు. వీల్ క్యాపులు, అంటే చక్రాల మధ్యన బిగించే రేకు మూతలు, నాలుగూ అసలువే దొరికాయి. మూడు షెడ్డు గోడకు వేలాడుతున్నాయి. నాలుగోదాంట్లో ఆ ఇంటి కుక్క నీళ్లు తాగుతోంది. కుక్కకు కొత్త గిన్నె కొనిచ్చి దాన్ని తెచ్చుకున్నాం.

మెరుగు పెట్టాక ఆ క్యాపుల్లో చూసుకుని తల దువ్వుకోవచ్చు. చిక్కల్లా ఒక్కటే, అవి నిలవవు.

మొదటిసారి ఊడింది మూంటా బజారులో. ఆదివారం పూట మా పాతకార్ల క్లబ్బు వాళ్లం వరసగా వెళ్తున్నాం. పోస్టాఫీసు మలుపులో ముందు చక్రం క్యాపు టంగుమని ఊడి, తన దారిన తాను దొర్లుకుంటూ పోయి, మాంసం కొట్టు గుమ్మానికి తగిలి గిర్రున తిరిగి పడింది. క్లబ్బు ప్రెసిడెంటు లైల్ పాస్కో కారు ఆపి మరీ దిగాడు.

“వెర్నా, నీ కారుకి ఆకలేస్తున్నట్టుంది. పళ్లెం పట్టుకుని మాంసం కొట్టుకి బయల్దేరింది,” అన్నాడు.

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది.

రెండోసారి పోర్ట్ హ్యూస్ దారిలో ఊడితే ఎవరూ నవ్వలేదు, ఎక్కడ పడిందో తెలియక. రెండు రోజులు వెతికాం. కోత కోసిన బార్లీ మోళ్ల మధ్య నాకు కనబడింది, అంచు సొట్టపోయి. అక్క దాన్ని ఒళ్లో పెట్టుకుని చెక్కముక్కతో తట్టుకుంటూ ఓ మధ్యాహ్నమంతా కూర్చుంది.

ఇక సలహాలకు కొదవలేదు. ఒకరు జిగురు పెట్టమన్నారు. పెట్టాం. అది నిజంగానే అంటుకుంది. ఆ వారమే టైరు పంక్చరై, చక్రం విప్పాలంటే క్యాపు రాదు. రోడ్డు పక్కన అరగంట సేపు కత్తితో గీరాం. ఇంకొకరు ప్లాస్టిక్ పట్టీలతో కట్టమన్నారు. కడితే కారు ఆసుపత్రి నుంచి పారిపోయి వచ్చిన రోగిలా కనబడింది. అక్కే కోసి పారేసింది.

ఈలోగా ఆసుపత్రి వందేళ్ల పండగ దగ్గరపడింది, ఆ రోజు సిస్టర్ ఐవీని ఈ కారులోనే తీసుకురావాలని ముందే అనుకున్నాం. చివరికి లైల్ మా షెడ్డుకే వచ్చాడు.

“నా మాట విను. ఒక్కోదానికి మూడు కన్నాలు పొడిచి, మూడు స్క్రూలు బిగించెయ్. చచ్చినా ఊడవు.”

“అరవై నాలుగేళ్లు కన్నం పడకుండా వచ్చిన రేకు లైల్ ఇది. నా చేతుల్లోకొచ్చాక పడాలా?”

“అయితే ఆసుపత్రి వందేళ్ల పండగనాడు క్యాపులు తీసేసి రా. సిస్టర్‌ని ఎక్కించుకుని దారిపొడుగునా రాల్చుకుంటూ వస్తే క్లబ్బు పరువేం కాను?”

అక్క స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చుంది. ఆ కూర్చోవడం నాకు తెలుసు. బస్సులో పిల్లలు అల్లరి చేస్తే అక్క అరిచేది కాదు. బస్సు పక్కకు ఆపి, చేతులు కట్టుకుని కూర్చునేది. ఎంతసేపైనా సరే.

మర్నాడు పొద్దున్నే నేను వెళ్లేసరికి నాలుగు చక్రాలూ విప్పి బల్ల మీద వరసగా పరిచి ఉన్నాయి. అక్క కళ్లజోడు పెట్టుకుని ఒక్కోదాన్నీ వేలితో తడుముతోంది.

“ఇలా రారా గార్త్. ఈ బుడిపె ముట్టుకో. ఇప్పుడు ఇది.”

చక్రం మధ్యలో గుండ్రంగా నాలుగు చిన్న బుడిపెలుంటాయి. క్యాపు లోపలి అంచు వాటిని దాటి వెళ్లి పట్టుకోవాలి. మొదటిది వేలికి తగిలింది. రెండోది తగిలీ తగలనట్టుంది.

“అరిగిపోయిందే,” అన్నాను.

“ఎన్నిసార్లు తీసి పెట్టుంటారో. దానికి తోడు నేను మోజుపడి చక్రాలకి మందంగా పౌడర్ కోటింగ్ రంగు వేయించా. నున్నగా జారుడుబండలా తయారైంది. ఇందులో క్యాపు తప్పేం లేదు, తప్పు నాదే. దానికి పట్టుకోడానికి ఏం మిగిల్చాను?”

అరిగినచోట లోహం పోసి ఎత్తు పెంచే వెల్డింగ్ నేను చేస్తానన్నాను. ఇరవై ఏళ్లు అదే నా పని మరి. ఒప్పుకోలేదు. నేర్పమంది. పనికిరాని పాత చక్రం ఒకటి తెచ్చి నాలుగు రోజులు దాని మీదే చేయి తిప్పింది. మొదటి రోజు వేసిన వెల్డింగ్ చుక్కలు చీమల పుట్టల్లా ఉన్నాయి. నాలుగో రోజుకి ఒక్కో చుక్కా గోధుమ గింజంత, ఒకే తీరుగా వచ్చింది. అప్పుడు గానీ అసలు చక్రాల జోలికి వెళ్లలేదు. అరిగిన బుడిపెల దగ్గర రంగు గీకి, చుక్క వేసి, ఆకురాయితో రాసి, నాలుగూ ఒకే ఎత్తుకి తెచ్చింది. తుప్పు పట్టకుండా కుంచెతో పల్చగా రంగు అద్దింది.

పెట్టే పద్ధతి కూడా మార్చింది. ఇదివరకు నడిమధ్యన అరచేత్తో ఒక్క గుద్దు గుద్దేవాళ్లం. ఇప్పుడు కింది అంచు రెండు బుడిపెల మీద ఆనించి, పైఅంచు మీద రబ్బరు సుత్తితో మెల్లగా ఒకటి. తర్వాత చుట్టూ చిన్నగా తట్టుకుంటూ రావడం. సరిగా కూర్చుంటే చప్పుడు మారుతుంది. కుండ మీద తట్టినట్టు మోగేది, గోడ మీద తట్టినట్టు మూగబోతుంది.

“విన్నావా?” అనేది ప్రతిసారీ. వినబడకపోయినా తల ఊపేవాణ్ని.

క్యాపు నుంచి చక్రం మీదకి ఒక్కో సుద్దగీత గీసి, టికెరా వెళ్లే కంకర రోడ్డెక్కించింది. ఇంటికప్పు రేకులా అలలు అలలుగా ఉండే దారి అది. పళ్లు టకటకమంటాయి. ఇరవై కిలోమీటర్లు పోయి ఆపి చూస్తే మూడు గీతలు చెక్కుచెదరలేదు. ఎడమ వెనక గీత మాత్రం బొటనవేలి వెడల్పు జరిగింది.

“ఊడలేదుగా అక్కా, చాల్లే.”

“జరిగింది. ఇవాళ జరిగింది రేపు ఊడుతుంది.”

మళ్లీ విప్పింది, మళ్లీ చుక్క వేసింది. మూడో రోజుకి నాలుగు గీతలూ గీసినవి గీసినట్టే ఉన్నాయి.

పండగనాడు పొద్దున సిస్టర్ ఐవీని తీసుకురావడానికి మూంటాలో ఆవిడ ఉండే వృద్ధాశ్రమానికి వెళ్లాం. ఎనభై తొమ్మిదేళ్లు. చేతికర్ర, నీలం టోపీ. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వెర్నా పక్కన కూర్చుంది. నేను వెనక.

తారురోడ్డు మీద పడగానే సిస్టర్ అంది, “ఇలా ఎందుకే? నేనెప్పుడూ పొలాల దారినే వెళ్లేదాన్ని. అటు తిప్పు.”

“కంకర దారి సిస్టర్. చుట్టు కూడాను.”

“నువ్వు పుట్టిన రోజు ఆ దారిలోనే వచ్చానే పిల్లా. అప్పుడు కంకర కూడా లేదు.”

నేను అద్దంలో అక్క ముఖం చూశాను. ఊళ్లో జనమంతా వాలరూలో పడవలాగే జెట్టీ దగ్గర ఎదురుచూస్తున్నారు. అక్క ఒక్క క్షణం ఆలోచించి స్టీరింగు తిప్పింది. మా వెనక వస్తున్న లైల్ కూడా తిప్పాడు.

దుమ్ములో పోతుంటే సిస్టర్ చేయి కిటికీ మీద పెట్టుకుని చెప్పుకొచ్చింది. “ప్రతి ఆదివారం ఈ క్యాపులు తోమేదాన్ని. నా సోకు కోసమనుకునేవాళ్లు. కాదు. ఈ ఇళ్లలో అప్పుడు ఫోన్లు లేవు. నొప్పులు పడుతున్నదాని పక్కన కూర్చున్న అత్తో, అమ్మో వాకిట్లోకి వచ్చి చూసేవాళ్లు. ఎండలో నేల దగ్గర ఏదో మెరిస్తే చాలు, లోపలికెళ్లి ‘వచ్చేస్తోందమ్మా’ అని చెప్పేవాళ్లు. నేను ఇంకా రెండు మైళ్ల దూరంలో ఉండేదాన్ని. ఆ మాటతోనే సగం భయం పోయేదట.”

అక్క వేగం తగ్గించలేదు. గతుకుల మీద కూడా.

జెట్టీ దగ్గర ఆపేసరికి కారంతా ఎర్రమట్టి. అక్క దిగి, ముందుగా నాలుగు చక్రాల దగ్గరా వంగింది. నాలుగు క్యాపులూ ఉన్నాయి. కొంగల్లా మెడలు చాచి చూస్తున్న జనం ముందే జేబురుమాలుతో ఒక్కోటీ తుడిచింది. సముద్రం మీది ఎండ వాటిలో పడి, చుట్టూ నిలబడ్డవాళ్లు కళ్లు చిట్లించారు.

లైల్ కారు కూడా వచ్చి ఆగింది. తల నుంచి పాదాల దాకా దుమ్ము కొట్టుకుపోయి దిగాడు.

“వెనకాల ఎందుకొచ్చావు లైల్, తారురోడ్డుండగా?” అడిగాను.

“మీ అక్క రాల్చినవి ఏరుకుందామని,” అన్నాడు. “అరడబ్బా దుమ్ము తప్ప ఏం దొరకలేదు.” తర్వాత అక్క వైపు తిరిగి టోపీ తీశాడు. “వెర్నా, నా కారుకి కూడా వెనకది వదులుగా ఉంటోంది. ఎప్పుడైనా ఒకసారి చూస్తావా?”

“చూడను. చక్రం విప్పి తీసుకురా, నేర్పిస్తా. నువ్వే చేసుకుందువు.”

మాంసం కూరిన పాస్టీ రొట్టెలు పంచుతున్న బల్ల దగ్గర నుంచి ఆసుపత్రి పెద్దాయన మైకు పట్టుకుని వచ్చాడు. సిస్టర్‌ని కుర్చీలో కూర్చోమన్నాడు. ఆవిడ వినలేదు. చేతికర్రతో ముందు చక్రం క్యాపు మీద రెండుసార్లు తట్టింది. మూగగా మోగింది.

“గట్టిగా ఉంది. నా రోజుల్లో కూడా ఇంత గట్టిగా లేదు. ఎవరు బిగించారివి?”

మైకు దగ్గరగా ఉంది. ఆ మాట జెట్టీ చివర దాకా వినబడింది. మా అక్క ఎప్పుడూ తన గురించి చెప్పుకునే మనిషి కాదు. మామూలుగా అయితే తమ్ముడు సాయం చేశాడనో, క్లబ్బు వాళ్లు చేశారనో అనేది. ఆ రోజు మాత్రం జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకుని, నిటారుగా నిలబడి చెప్పింది.

“నేనే సిస్టర్.”