ఉప్పు వేలిముద్రలు

పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి హాల్లో నాకంటే పెద్ద హోదాతో కూర్చుని ఉంది ఒక గాజుతొట్టి. నిండా ఉప్పునీళ్లు, పైన నీలం లైటు, అడుగున రాళ్లు. నడిమి రాయి మీద అరచెయ్యంత పగడం. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి అనుకునేదాన్ని. ఇది మెత్తనిది, ప్రాణమున్నది. పుట్టగొడుగు ఆకారం, దాని నిండా సన్నని వేళ్లు. చేపల షాపతను దాన్ని లెదర్ కోరల్ అంటాడు. ఏడాదంతా సాకితే బొటనవేలి వెడల్పు పెరిగిందంటే గొప్పే. బఠాణీ గింజంత ముక్కను తెచ్చి, రాయికి దారంతో కట్టి, ఇంత చేసింది అక్క.

అక్కంటే నా తోడబుట్టింది కాదు. మా ఆయన మొదటి భార్య. ఒకరోజు పడుకున్న మనిషి పడుకున్నట్టే పోయింది. నాకు ఆవిడతో ఏ పేచీ లేదు. ఆవిడకే నాతో ఉన్నట్టుంది.

"ఆ తొట్టి ఒక్కటి జాగ్రత్తగా చూసుకో. పిట్టకి వాళ్లమ్మదంటూ మిగిలింది అదే" అన్నారు మా ఆయన మొదటి రోజే. పిట్ట ఆయన కూతురు, మూడో తరగతి. ఆ పిల్లకు మాటలు పొదుపు. నన్ను ఏమనీ పిలవదు. కావలసినదేదైనా ఉంటే వచ్చి ఎదురుగా నిలబడుతుంది, మనమే కనుక్కోవాలి.

నేను వచ్చిన కొద్ది రోజులకే పగడం ముడుచుకుపోయింది. వేళ్లన్నీ లోపలికి లాగేసుకుని, పాత చెప్పు అట్టలా తయారైంది. ఇది చచ్చిపోతే ఈ పిల్ల నా మొహం చూస్తుందా? అసలే సవతి తల్లి, ఆపైన అమ్మ పగడాన్ని చంపిన మనిషి. అందుకని చెయ్యగలిగిందంతా చేశాను. నీళ్లు మార్చాను, రాళ్లు తోమాను, లైటు పెంచాను, రాయిని ఈ మూల నుంచి ఆ మూలకు జరిపాను. అది ఇంకా బిగుసుకుంది.

షాపతనికి ఫోటో పంపితే వెంటనే ఫోన్ చేశాడు.

"అమ్మా, మీరు చేస్తున్న సేవే దానికి గండం. మరీ కడిగిన ముత్యంలాంటి నీళ్లు పడవు దానికి. రాయి మళ్లీ పాతచోటే పెట్టేసి వదిలెయ్యండి. నీటి వాలు కాస్త తగిలేలా పంపు తిప్పండి చాలు. ఒంటి మీద మైనంలా పొర కట్టుకుంటుంది, దాన్ని విదిలించుకుని మళ్లీ విచ్చుకుంటుంది. ఈలోగా ముట్టుకోవద్దు. ముట్టుకున్నప్పుడల్లా కథ మళ్లీ మొదటికొస్తుంది."

"నేను ముట్టుకోవట్లేదండీ."

"మరి ఫోటోలో నొక్కులు కనిపిస్తున్నాయే" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట చెవిలోనే ఉండిపోయింది. తొట్టి మూత నా భుజమంత ఎత్తులో ఉంది. మా ఆయన బేకరీలో రొట్టెలు కాలుస్తారు, చీకటి ఉండగానే వెళ్లిపోతారు, తొట్టి జోలికే రారు. పిట్టకు అందదు. మిగిలింది ఎవరు?

నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. అద్దం మీద మరక కనిపిస్తే తుడవందే ఊరుకోలేను. అలాంటి నా కంట పడ్డాయి ఆ మచ్చలు. ఉప్పునీళ్లు ఆరితే తెల్లగా పొడి మిగులుతుంది కదా, అలాంటివి. మొదట తొట్టి కింది బీరువా మీద చూశాను. నీళ్లు చిందాయిలే అనుకుని తుడిచాను. తర్వాత నడవా గోడ మీద, అక్కడక్కడా. తర్వాత మా పడకగది తలుపు మీద. ఎవరో తడి చేత్తో పట్టుకుని పట్టుకుని, ఒక్కో రోజు ఒక్కో అడుగు నా వైపు వస్తున్నట్టుంది. చివరికి ఒకనాడు నా తలగడ మీద కనిపించింది.

ఆయనకు చెబితే నవ్వేశారు. "దెయ్యాలకి ఉప్పు పడదంటారు కదే, ఉప్పు రాసుకు తిరిగే దెయ్యాన్ని నీ దగ్గరే విన్నాను."

ఆయనకేం, ఆ వేళకు ఇంట్లో ఉండరు. తెలవారుతుండగా, నేను ఒక్కదాన్నే ఉన్న మంచం దగ్గరకు ఏదో వచ్చేది. నా చెంప మీద చల్లగా, తడిగా ఒక వేలు ఆనేది. రాత్రి కళ్లజోడు తీసి తలగడ పక్కన పెట్టుకుంటాను, అది లేకపోతే నాకు లోకమంతా మసక. ఉన్నా కళ్లు తెరిచే ధైర్యం ఏది? పై ప్రాణాలు పైనే పోయేవి. కట్టెలా బిగుసుకుని, ఊపిరి బిగబట్టి పడుకునేదాన్ని. నేను బిగబట్టినంతసేపూ ఆ వేలు కదిలేది కాదు, ఇంకా గట్టిగా నొక్కేది. ఇక ఆపుకోలేక ఊపిరి వదిలేదాన్ని. అప్పుడు వెళ్లిపోయేది.

నా ఊపిరి కోసమే వస్తోందనుకున్నాను. అక్క తన చోటు తనకు ఇచ్చెయ్యమంటోందనుకున్నాను. పుట్టింటికి వెళ్లిపోదామని పెట్టె కూడా దించాను.

ఆ రోజు షాపులో మా ఓనరమ్మ నా ముక్కు మీద నుంచి కళ్లజోడు లాక్కుంది. "ఇదేం చోద్యమే, కళ్లజోళ్లు అమ్మేదానివి, నీ అద్దం చూసుకోవా?" అంటూ దీపం కిందకు తీసుకెళ్లింది. అద్దం అంచున తెల్లటి వేలిముద్ర. గుడ్డతో తుడవబోయి ఆగింది. "మీ ఇంట్లో చిన్నపిల్ల ఉందా? ఇది గోరంత వేలు."

ఇన్నాళ్లూ ఆ మచ్చలను భయంతో చూశానే తప్ప, ఎంత ఉన్నాయో చూడలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది. సగం పూటకే సెలవు పెట్టి ఇంటికి పరిగెత్తాను.

తలుపు తీసేసరికి, ఒంటిపూట బడి నుంచి వచ్చేసిన పిట్ట తొట్టి దగ్గర ఎత్తుపీట మీద నిలబడి ఉంది. మోచేతి దాకా చెయ్యి నీళ్లలో ఉంది. నన్ను చూసి బెదిరిపోయింది కానీ చెయ్యి తియ్యలేదు.

అరుద్దామనే నోరు తెరిచాను. ఆ మొహం చూశాక అరుపు రాలేదు.

"ఏం చేస్తున్నావే?"

"చూస్తున్నా."

"చూడ్డానికి చెయ్యెందుకు?"

"ముట్టుకుంటే ముడుచుకుంటుంది. ముడుచుకుంటే ఉన్నట్టు." వేలితో మళ్లీ నొక్కింది. "ఇప్పుడు ఎంత నొక్కినా ఏం చెయ్యట్లేదు."

"ముందే ముడుచుకుని ఉంది కదమ్మా, ఇంకేం ముడుచుకుంటుంది?"

పిట్ట నా మాట వినిపించుకోలేదు. "అమ్మని కూడా ముట్టుకున్నాను. ఏం చెయ్యలేదు. నిద్రపోతోందనుకుని బడికి వెళ్లిపోయాను."

ఆ పీట పక్కనే నేల మీద కూలబడ్డాను. పిట్ట వేళ్ల నుంచి ఉప్పునీళ్లు నా భుజం మీద బొట్లుబొట్లుగా పడుతున్నాయి.

"అందుకని నన్ను కూడా చూస్తున్నావా, రోజూ?"

తలూపింది. "మీరు ఒక్కోసారి ఊపిరి ఆపేస్తారు" అంది.

అప్పుడు ఏడ్చాను. ఏడుపు నాకు ఊరికే వచ్చే సరుకు కాదు, అయినా ఆ రోజు బావురుమన్నాను. నేను దెయ్యమనుకుని కట్టెలా బిగుసుకున్న ప్రతి ఉదయం, ఈ పిల్ల నా మంచం పక్కన నిలబడి వాళ్లమ్మ చావును మళ్లీ చూసింది. నా ఊపిరి వచ్చేదాకా కదలకుండా నిలబడింది. మర్నాడు మళ్లీ వచ్చింది.

చెయ్యి కడిగి తుడిచాక ఒప్పందం చేసుకున్నాం. పగడం జోలికి వెళ్లకూడదు, పొర ఊడేదాకా దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. చూడాలనిపిస్తే నన్ను ముట్టుకోవాలి. "నేను ముడుచుకోను గానీ, తిడతాను. తిట్టానంటే ఉన్నట్టు" అన్నాను. పిట్ట నవ్వలేదు. సరేనంది.

ఆ తర్వాత ఆ వేలు పొడిగా వచ్చింది. వెచ్చగా ఉంది కూడా. నేను ముందే మేలుకుని ఉండి, తలుపు కదలగానే మా ఆయన కూడా ఎన్నడూ పెట్టనంత గురక పెట్టేదాన్ని. "ఎవరే అది, నిద్ర పాడు చేస్తూ" అని కసిరేదాన్ని. పాదాలు చప్పుడు లేకుండా వెళ్లిపోయేవి. పగడం మాత్రం అలాగే ఉంది. మేమిద్దరం అద్దానికి ఈవల చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లం. ఒక సాయంత్రం ఉల్లిపొర లాంటిదొకటి దాని మీద నుంచి లేచి, నీటి వాలులో కొట్టుకుపోయింది. కింద లేత రంగు. రెండు రోజులకు అంచున ఒకే ఒక్క వేలు బయటికొచ్చింది.

తర్వాతి ఉదయం నా చెంప మీద ఏ వేలూ ఆనలేదు.

ఎదురుచూశాను. గురక కూడా పెట్టాను. కిటికీలో వెలుగు వచ్చింది, తలుపు కదల్లేదు. ఇక పడుకోలేకపోయాను. కళ్లజోడు కోసం తడుముకునే ఓపిక కూడా లేక, గోడ పట్టుకుని ఆ మసకలోనే పిట్ట గదికి వెళ్లాను. మంచం మీద చిన్న ముద్ద, కదలిక లేదు. ఒక్క వేలు చాచి చెంప మీద ఆనించాను.

పిట్ట విసుక్కుంటూ దుప్పట్లోకి ముడుచుకుంది.