జానీబీ కుట్టిన మెగథీరియం

చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లుల వెనక వీధిలో పరుపులు కుట్టే జానీబీ ముప్పై ఏళ్లలో ఎన్నో వింత కోరికలు విన్నది. గుండ్రటి మంచానికి గుండ్రటి పరుపు కుట్టింది. ఒక మిల్లు ఓనరు గారి కుక్కకి దిండూ, దుప్పటీ కుట్టింది. కానీ 2004 జనవరిలో హైస్కూలు సైన్సు టీచరు జయకుమారి వచ్చి, ఒక లావుపాటి పుస్తకం తెరిచి, అందులో బొమ్మ మీద వేలు పెట్టి, "ఇది కుట్టగలరా పిన్నిగారూ?" అని అడిగినప్పుడు మాత్రం ఆమె సూది పక్కన పెట్టింది.

"ఏంటమ్మా ఇది, ఎలుగుబంటా?"

"కాదండీ. మెగథీరియం. దక్షిణ అమెరికాలో ఉండేది. ఏనుగంత జంతువు. వెనక కాళ్ల మీద లేచి, తోక ఆనించుకుని, కొమ్మలు వంచి ఆకులు తినేది. జాతి అంతరించి పదివేల ఏళ్లు దాటింది. వచ్చే నెల గుంటూర్లో జిల్లా సైన్సు ఎగ్జిబిషను. అసలు సైజులో పెడితే పిల్లలు జన్మలో మర్చిపోరు."

జానీబీ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎలా పడుకునేది? పక్కకి తిరిగా, బోర్లానా?"

"ఎవరికీ తెలీదండీ. మనిషన్నవాడు దీన్ని చూసి ఎన్నివేల ఏళ్లయిందో. ఎముకలే దొరికాయి. వాటిని బట్టి ఒళ్లు ఇంత, బరువు ఇంత అని లెక్కగట్టారు."

ఆ మాటకి జానీబీ ముఖం విప్పారింది. పాత పరుపు తిరగ కుట్టమని ఎవరైనా తెచ్చినప్పుడు ఆమె ముందు దాని గుంటలు చూస్తుంది. నడుం దగ్గర ఎంత దిగింది, మోచెయ్యి ఎక్కడ ఆనింది, అన్నీ చూసి, మనిషిని చూడకుండానే "మీ మామగారికి ఎడమ తుంటి నొప్పి కదమ్మా?" అని అడుగుతుంది. అందరూ అదేదో మహిమ అనుకుంటారు. సముద్రాల అవతల పెద్ద చదువులవాళ్లు కూడా చేసేది ఇదే పనని ఆమెకి ఇంతకాలం ఎవరూ చెప్పలేదు.

"కుడతానమ్మా," అంది. "కానీ ఈ బొమ్మ తప్పు. ఇంత బరువున్న జీవి కూర్చుంటే పిర్రలు ఇలా గుండ్రంగా నిలబడవు. పరుచుకుంటాయి."

జయకుమారి పుస్తకం వంక చూసింది, జానీబీ వంక చూసింది, పెన్సిల్ తీసి పుస్తకంలో బొమ్మ పక్కన ఆ మాట రాసుకుంది.

జానీబీ భర్త ఖాజావలి దూది ఏకడంలో మొనగాడు, మిగతా విషయాల్లో తొందరపాటు మనిషి. వెదుళ్లతో చట్రం కట్టాడు. తాటిమట్టలు చెక్కి మూరెడేసి గోళ్లు చేశాడు. గోళీసోడా గోళీలు రెండు తెచ్చి కళ్లకి పెట్టాడు. మిల్లుల్లో మిగిలిన చెత్త దూది మూడు క్వింటాళ్లు ఏకాడు. పైతోలుకి గోనెపట్టా కావాలంటే ఎవరో చెప్పారని గుంటూరు మిర్చియార్డు వైపునుంచి పాత టిక్కీలు ఒక కట్ట తెచ్చాడు. టిక్కీలంటే మిరపకాయలు తొక్కి నింపే బస్తాలు. వాటిని ఉతకాలన్న ఆలోచన ఆయనకి రాలేదు. కుట్టే హడావుడిలో జానీబీకీ రాలేదు.

పదిహేను రోజులకి మెగథీరియం తల వాకిలి గోడ దాటి వీధిలోకి చూసింది. దాంతో పాటు ఘాటు కూడా గోడ దాటింది. చూడ్డానికి వచ్చినవాళ్లు లోపల రెండు తుమ్ములు తుమ్మి, కళ్లు తుడుచుకుంటూ, ముక్కు చీదుకుంటూ బయటికి వెళ్లేవాళ్లు. అలా ఏడుస్తూ వెళ్లేవాళ్లని చూసిన వీధి చివరివాళ్లు జానీబీ ఇంట్లో ఎవరో పోయారనుకున్నారు. పరామర్శకి వచ్చారు. వచ్చినవాళ్లూ ఏడ్చారు. మూడో రోజుకి నరసరావుపేట నుంచి జానీబీ పిన్ని కొడుకు కుటుంబంతో సహా దిగాడు.

"ఎవరక్కా పోయింది?" అన్నాడు వెక్కుతూ.

"ఇదేరా," అంది జానీబీ, దాని పొట్ట చూపించి. "పదివేల ఏళ్లయింది."

అతను కాసేపు తలెత్తి చూసి, "మాకు కబురే లేదే," అన్నాడు.

ఎగ్జిబిషను రోజు పొద్దున్నే గోడ ఒక వరస ఇటుకలు తీసి, పాతికమంది పట్టి దాన్ని లారీ ఎక్కించారు. తోక వెనక వేలాడుతోంది. జానీబీ, జయకుమారి క్యాబిన్లో కూర్చున్నారు. ఖాజావలి పైన, దాని ఒళ్లో. హైవే మీద బస్సుల్లోవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. అంతా బాగానే ఉంది గానీ దారిలో మార్కెట్ చెక్‌పోస్టు ఒకటి ఉంది. అక్కడి గుమస్తా పేరు జక్రయ్య. రూలు ఎంతవరకు ఉంటే అంతవరకే నడిచే మనిషి.

ఆయన బస్తాల్లో సరుకు చూసే ఇనప పుల్ల తెచ్చి మెగథీరియం తొడలో గుచ్చి లాగాడు. దూది వచ్చింది.

"పత్తి సరుకు. పర్మిట్ ఏదీ?"

"సరుకు కాదండీ, జంతువు," అంది జయకుమారి.

"జంతువైతే పశువుల డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. అసలే పశువులకి గాలికుంటు రోగం తిరుగుతోంది."

"అయ్యో, ఈ జాతి చచ్చిపోయి పదివేల ఏళ్లయిందండీ!"

"చచ్చిన పశువునా లారీలో తీసుకెళ్తున్నారు?" జక్రయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎలా చచ్చిందో రాసిచ్చారా ఎవరైనా?"

జయకుమారి అబద్ధం ఆడలేని మనిషి. పైగా టీచరు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేదు. "దాని మీద రెండు వాదాలున్నాయండీ. వాతావరణం మారి అంతరించిందని కొందరు, మనుషులు వేటాడటం వల్లని కొందరు."

"వేటాడారా?" జక్రయ్య జేబులోంచి పెన్ను తీశాడు. "ఎవరు? పేర్లు చెప్పండి."

జానీబీ క్యాబిన్లోంచి దిగింది. "టీచరమ్మా, నువ్వు కాసేపు నిజాలు చెప్పకు," అని ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి జరిపి, జక్రయ్య ముందు నిలబడింది. "ఏవయ్యా, అది బతికే ఉంది. డాక్టర్ని పిలిపించు."

అరగంటకి పశువుల డాక్టరు అనిల్ కుమార్ స్కూటర్ మీద వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడు. నవ్వుతాడేమో, తిడతాడేమో అని జయకుమారి భయపడింది. అతను రెండూ చెయ్యలేదు. లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. పైకెక్కి గోళ్లు పట్టుకుని చూశాడు. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. నాలుగు తుమ్ములు తుమ్మి, కర్చీఫుతో కళ్లద్దుకుని, "ఏం తింటుంది?" అన్నాడు.

"ఆకులండీ."

"నెమరు వేస్తుందా?"

"దాని మీద ఇంకా..." అని జయకుమారి మొదలుపెట్టగానే జానీబీ ఆమె కాలు తొక్కింది.

"ఆడా, మగా?"

ఈ సంగతి ఎవరూ ఆలోచించలేదు. జానీబీ మాత్రం తడుముకోలేదు. "ఆడదే. ఆ కూర్చున్న తీరు చూడు నాయనా, పొద్దుట్నించీ పని చేసి చేసి కూలబడ్డట్టు లేదూ?"

డాక్టరు చూశాడు. లేదని అనలేకపోయాడు. బానెట్ మీద కాగితం పెట్టి రాశాడు: మెగథీరియం ఒకటి. ఆడ. వయసు నిర్ధారించలేము. నోట్లో పుండ్లు లేవు. గిట్టల మధ్య పుండ్లు లేవు, గిట్టలు కూడా లేవు. కదలికలు మందం. ప్రయాణానికి తగియున్నది.

స్టాంపు వేస్తూ జయకుమారితో నెమ్మదిగా అన్నాడు: "నేను కాలేజీలో చేరింది ఇలాంటివి చెబుతారనుకునే మేడం. ఐదేళ్లూ గేదెలే చెప్పారు."

జక్రయ్య కాగితం రెండుసార్లు చదివి, గేటు ఎత్తి, రిజిస్టరులో 'పశువు, ఒకటి' అని రాసుకున్నాడు.

గుంటూర్లో ఎగ్జిబిషను హాలు గుమ్మం ఇరుకై దాన్ని వసారాలోనే దింపారు. గాలి వీచినప్పుడల్లా ఘాటు లోపలికి వెళ్లేది. సాయంత్రం న్యాయనిర్ణేతలు ముగ్గురు వచ్చారు. జయకుమారి నోరు విప్పేలోపే ముగ్గురికీ కళ్ల నిండా నీళ్లు. ఒకాయన దగ్గుతూనే ఏదో రాసుకున్నాడు. ముగ్గురూ గబగబా వెళ్లిపోయారు. చీకటి పడేముందు మైకులో ఫలితాలు చెప్పారు. మెగథీరియానికి మొదటి బహుమతే వచ్చింది, 'వాయు కాలుష్యం' విభాగంలో.

జయకుమారికి ఈసారి నిజంగానే కన్నీళ్లొచ్చాయి. "కాలుష్యమా? తల నుంచి తోక దాకా ఒక్క కొలత తప్పకుండా చేశాం పిన్నిగారూ!"

"పోనీలేమ్మా," అంది జానీబీ. "ఫస్టు ఫస్టే." కానీ ఆమెకీ మనసులో గుచ్చుకుంది. ఆ పిర్రల గురించి ఒక్కరైనా అడుగుతారని పొద్దుట్నించీ ఎదురుచూసింది.

మర్నాడు తిరుగు ప్రయాణంలో, ఎడ్లపాడు దగ్గర, కాలం గాని కాలంలో వాన పట్టుకుంది. పైన కప్పడానికి పట్టా లేదు. మూడు క్వింటాళ్ల దూది తాగినంత తాగింది. లారీ వెనక్కి కుంగిపోయింది. డ్రైవరు ఇంజను ఆపేసి, ఇక ఒక్క గజం కూడా లాగనన్నాడు. రోడ్డు పక్కన మిరపకాయలు ఆరబోసే కల్లం. అప్పుడే కాయల మీద పట్టాలు కప్పించి ఊపిరి తీసుకుంటున్న కొండమ్మ అనే రైతు, లారీలో చలికి వణుకుతున్న ఖాజావలిని చూసి, ఆయన కూర్చున్న ఒడిని చూసి, "దింపండి ఇక్కడ. దాన్ని ఆరనివ్వండి," అంది. అదేమిటని కూడా అడగలేదు.

ఎండ మళ్లీ వచ్చింది. ఎర్రగా పరిచిన కాయల మధ్య మెగథీరియం పదకొండు రోజులు ఆరింది. పరుపు ఆరబెట్టేటప్పుడు తిప్పకపోతే కుళ్లిపోతుందని జానీబీ రోజూ బస్సులో వచ్చేది. రంగు పోయిన తాలుకాయలు ఏరే కూలీ ఆడవాళ్లు పదిమంది లేచి, కొంగులు బిగించి, "ఐలెస్సా" అని దాన్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి దొర్లించేవాళ్లు. మధ్యాహ్నం దాని నీడలో అన్నాలు తినేవాళ్లు. ఏళ్ల తరబడి మిరపలో పనిచేసినవాళ్లు, ఒక్కరూ తుమ్మలేదు. ఒకావిడ రెండో రోజే జానీబీతో, "కూర్చోబెడితే పిర్రలు అచ్చం మా అత్తవేనమ్మా," అంది. జానీబీ ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

పన్నెండో రోజు పొట్ట కుట్టు విప్పి చూస్తే దూది గడ్డలు కట్టి ఉంది. ఖాజావలి ఏకుడు విల్లు తెచ్చి కల్లంలోనే మళ్లీ ఏకాడు. జయకుమారి పిల్లల్ని బస్సులో తీసుకొచ్చి, ఖాళీ చట్రం చూపించి, వెన్నెముక ఇది, పక్కటెముకలు ఇవి అని పాఠం చెప్పింది. అనిల్ కుమార్ స్కూటర్ ఆపి, వెనక వరసలో పిల్లలతో పాటు కింద కూర్చుని విన్నాడు.

అంతా నింపి కుట్టేసరికి కొండమ్మ వచ్చి నిలబడింది. "టీచరమ్మా, దీనికి ఈతకి ఎన్ని పిల్లలు?"

"ఒక్కటే ఉండేదనుకుంటానండీ."

"మరి అదేదీ?" కొండమ్మ జానీబీ వంక తప్పుపట్టినట్టు చూసింది. "ఆడదని గవర్నమెంటు డాక్టరే రాసిచ్చాడంటివి. పిల్ల లేకుండా ఒక్కదాన్నే పంపిస్తారా ఎక్కడైనా?"

జానీబీ టేపు తీసి తల్లి ముందుకాలి ఎత్తు కొలవడం మొదలుపెట్టింది. కూలీ ఆడవాళ్లు మర్నాడు తలా ఒక పాత చీర తెచ్చి ఇచ్చారు. మళ్లీ ఏకేసరికి పొంగి మిగిలిన దూదితో, దున్నపోతంత పిల్ల తయారైంది. వీపు మీద పసుప్పచ్చ పూలు, మెడ మీద నెమళ్లు, ఒక కాలికి జరీ అంచు.

జయకుమారి దాన్ని చూసి తల పట్టుకుంది. "పిన్నిగారూ, దానికి గోధుమరంగు బొచ్చు ఉండేదనుకుంటున్నారండీ. పూలుండవు!"

"పుట్టినప్పుడు రంగు వేరుగా ఉంటుందమ్మా," అంది జానీబీ, దారం పళ్లతో తెంపుతూ. "గేదె దూడని చూళ్లేదూ? పెరిగే కొద్దీ మారుతుంది."

జయకుమారికి కాదని చెప్పడానికి ఆధారం ఏదీ దొరకలేదు. పుస్తకం తెరిచి, పెన్సిల్ తీసుకుంది.