కంబళి పేలిక

తలుపు గడియ లోపలినుంచి పడింది. ఆ గడియ పడితే కోత మొదలైనట్టని వరండాలో కూర్చున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ ఆ మాట పైకి అనరు.

పెనుకొండలోని లలితాంబిక ప్రసూతి ఆసుపత్రికి రెండంతస్తులు. పైన సొమ్ము చెల్లించి వచ్చేవాళ్ళు, కింద సర్కారు పథకం మీద వచ్చేవాళ్ళు. డాక్టరు ఒక్కరే. కింది వరండాలో గోడకు వీపు ఆనించి కూర్చున్న ఉలిగమ్మ ఊపిరి బిగబట్టి వింటోంది. లోపల ఉన్నది ఆమె కూతురు అశ్విని. తొలికాన్పు.

“కాళ్ళు కదిలించొద్దు. గట్టిగా పట్టుకోండి,” అని నర్సు గొంతు. తరువాత తడిసిన మందపాటి బట్టను కత్తిరించినట్టు ఒక చప్పుడు. అశ్విని నోటినుంచి మాత్రం ఏ శబ్దమూ రాలేదు. కాసేపటికి బిడ్డ ఏడ్చింది.

ఉలిగమ్మ తలెత్తి చుట్టూ చూసింది. ఆ చూపులో గర్వముంది.

చెన్నేకొత్తపల్లి అవతల, మిట్టమీద, గొర్రెలు మేపుకొంటూ వేరుశనగ చేలల్లో కూలికి పోయే ఇళ్ళ పల్లె వాళ్ళది. ఆ ఇళ్ళలో కాన్పుకు పోయే కూతురి చేతిలో తల్లి ఒక కంబళి పేలిక పెడుతుంది. పాత నల్లకంబళి అంచునుంచి చింపి మెలిపెట్టిన ముక్క. నొప్పులు ముదిరాక దాన్ని పళ్ళమధ్య పెట్టుకొని కొరకాలి. అరవకూడదు. అరవకుండా కన్నదాన్ని గురించి పల్లె ఏళ్ళ తరబడి చెప్పుకొంటుంది. అరిచినదాన్ని గురించి అంతకంటే ఎక్కువకాలం చెప్పుకొంటుంది. అశ్విని చేతికిచ్చిన పేలికమీద ఉలిగమ్మ పంటిగాట్లున్నాయి. వాటి కింద ఆమె తల్లి పంటిగాట్లు.

మరునాడు వేణ్ణీళ్ళకోసం ఉలిగమ్మ మేడ ఎక్కింది. వేణ్ణీళ్ళు పైనే వస్తాయి. చెంబు నిండేదాకా నిలబడి ఉంటే, తలుపు తెరిచిన గదిలోంచి ఒక అమ్మాయి పలకరించింది. హిందూపురంలో బట్టల కొట్టు రామమూర్తిగారి కోడలు స్నేహ. ఆమెకూ నిన్ననే కాన్పయింది. మంచంమీద కూర్చొని ఇడ్లీ తింటోంది.

“మీ అమ్మాయి ఎలా ఉందమ్మా?”

“కూచోలేకుండాది తల్లీ. బిడ్డకు పాలియ్యల్లన్నా పక్కకు ఒరిగే ఇస్తాంది. కోసేటప్పుడు మాత్రం శానా బిగబట్టింది.”

“కోసేటప్పుడు తెలీదు కదా! మత్తుసూది వేస్తారు కదా. నాకు కుట్లు వేస్తున్నంతసేపూ డాక్టరుగారితో మాట్లాడుతూనే ఉన్నాను.”

చెంబు నిండి నీళ్ళు ఉలిగమ్మ చేతిమీద పొర్లాయి. ఆమె చెయ్యి తీయలేదు.

“ఏం సూది, తల్లీ?”

ఆ కోత ఏమిటో ఇక్కడ స్పష్టంగా చెప్పుకోవాలి. చెప్పుకోకపోవడంవల్లే అది ఇన్నాళ్ళు సాగింది. బిడ్డ వచ్చే దారికీ మలద్వారానికీ నడుమ ఉన్న చర్మాన్నీ, దాని కింది కండనూ కత్తెరతో కోస్తారు. బిడ్డకు ముప్పు ఉన్నప్పుడు అది అవసరం కావచ్చు. లలితాంబిక కింది అంతస్తులో అవసరంతో పని లేదు. మంచం త్వరగా ఖాళీ కావాలి, అంతే. కోతకు ముందు ఆ చోట సూది వేసి, మొద్దుబారేదాకా కాసేపు ఆగాలి. పై అంతస్తులో ఆగుతారు. కింద ఆగరు.

డాక్టరు సీతాదేవి వార్డులోకి వచ్చినప్పుడు ఉలిగమ్మ ఆమె ఎదుట నిలబడింది.

“పైన ఏసిన సూది నా కూతురికెందుకు ఏయలేదమ్మా?”

సీతాదేవి నవ్వింది. “మీవాళ్ళు గట్టివాళ్ళమ్మా. పైవాళ్ళు సూది వేసినా గోల చేస్తారు. మీ అమ్మాయి నోరే ఎత్తలేదు. అంత నొప్పి ఉంటే అరిచేది కదా?”

ఆ గొంతులో వెటకారం లేదు. మెచ్చుకోలే ఉంది. ఆ మెచ్చుకోలును ఉలిగమ్మ గుర్తుపట్టింది. నిన్న వరండాలో తాను తలెత్తి చుట్టూ చూసినప్పుడు తన కళ్ళలో ఉన్నదీ అదే.

ఇంటికి వచ్చాక అశ్విని కుట్లు చీము పట్టాయి. హిందూపురం బట్టల కంపెనీలో ఆమె మిషనుమీద కూర్చొని కుట్టే పని చేస్తుంది. కూర్చోలేనిదానికి అక్కడ చోటు లేదు. ఆమె ఆ మాట ఎత్తలేదు. గోడవైపు తిరిగి పడుకొని ఒక్కటే అడిగింది.

“నేను అరిచింటే సూది ఏసుండేవాళ్ళా, మా?”

ఉలిగమ్మ పేలికను ఉతికి తీగమీద ఆరవేస్తోంది. తడి పేలికను మళ్ళీ గుప్పిట్లోకి లాక్కుంది.

గడపలో కూర్చొని ఆ మాట విన్నది కోడలు ధనలక్ష్మి. ఆమె నిండుచూలాలు. మొదటి కాన్పులో ఆమెనూ అక్కడే, అలాగే కోశారు. ఆమె పుట్టింటివాళ్ళూ పేలికే ఇచ్చారు.

“అత్తా, నేనింగ ఆడికి పోను,” అంది ధనలక్ష్మి. “ఈడనే కంటా. సస్తే ఈడనే సస్తా.”

అది ఉత్త మాట కాదు. ఆమె ఒంట్లో రక్తం తక్కువని, ఇంట్లో కంటే ప్రాణానికే ముప్పని పల్లెకు వచ్చే నర్సమ్మ గట్టిగా చెప్పి పోయింది. మొదటి కాన్పులో రక్తం ఎంతకీ ఆగని సంగతి పల్లె అంతటికీ తెలుసు. ఆసుపత్రికి పోతే కత్తెర, పోకపోతే చావు. ఈ రెంటి మధ్యనుంచి కోడలిని బయటికి తీయాలి. అది తన ఒక్కదానివల్ల అయ్యే పని కాదని ఉలిగమ్మకు అర్థమైంది.

ఆదివారం నాడు చెన్నేకొత్తపల్లి హైవే వంతెన కింద ఆడవాళ్ళు కూడారు. అశ్వినితో పనిచేసే చౌడేశ్వరి పిలిచింది. కంపెనీలో మరుగుదొడ్డికి పోవడానికి అనుమతి చీటీ పెడితే, మిషన్లన్నీ ఆపించి ఆ చీటీ ఎత్తేయించింది ఆమే. కంపెనీ బస్సెక్కే పిల్లలు, కూలికి పోయే తల్లులు, వాళ్ళ అత్తలు. మగవాళ్ళు దూరంగా, కానీ మాట వినబడేంత దూరంలో నిలబడ్డారు.

చౌడేశ్వరి మొదలుపెట్టగానే ఈరక్క అందుకుంది. పల్లెలో సగం కాన్పులు ఒకప్పుడు ఆమె చేతులమీదుగా జరిగినవే.

“ఏమ్మే, సిగ్గుండాదా? ఆ చోటు గురించి రోడ్డుమీద మాట్లాడతారా? మేం కనలేదా, పెంచలేదా? నొప్పికి అరిస్తే పుట్టింటి పేరు ఏమయితాది?”

“నువ్వు కోసినావా, ఈరక్కా?” అని అడిగింది ధనలక్ష్మి కూర్చున్నచోటునుంచే. “నీ చేతిలో కన్నోళ్ళని ఎవరినన్నా కత్తెరతో కోసినావా?”

ఈరక్క తన రెండు చేతులూ చాచి చూపింది. “నేనెందుకు కోస్తానే? ఓపిక పట్టి నూనె రాస్తా కూచుండేదాన్ని.”

“మరి నువ్వు కొయ్యనిదానికి మేమెందుకు నోరు మూసుకోవల్ల?”

అవతలినుంచి ఉలిగమ్మ మొగుడు పోతులయ్య విసుక్కున్నాడు. “డాక్టరమ్మతో పెట్టుకుంటే రేపు పథకం లేదు పొమ్మంటారు. ఆడోళ్ళ నొప్పికి సభలేందప్పా!”

ఉలిగమ్మ లేచింది. జీవితంలో నలుగురిలో నిలబడి మాట్లాడడం ఆమెకిదే మొదలు.

“పోయిన వానాకాలం మన పొట్టేలు తొడకు గడ్డ లేస్తే పశువుల డాక్టరు వచ్చినాడా లేదా?”

“వచ్చినాడు. అయితే?”

“కోసేటప్పుడు ‘సూదెయ్యి సామీ, పాపం మూగజీవం’ అని ఆయప్ప కాళ్ళు పట్టుకున్నోడివి నువ్వే గదా. నీ కూతురుకు నోరుండాది. ఆ నోట్లో కంబళి కుక్కినదాన్ని నేను. పొట్టేలు అరిచింది గాబట్టి దానికి సూది. మనం అరవం గాబట్టి మనకు కత్తెర. డాక్టరమ్మ నాతో అదే చెప్పింది.”

మొదట ఎవరో నవ్వారు. తరువాత ఎవరూ నవ్వలేదు. పోతులయ్య తలగుడ్డ తీసి భుజంమీద వేసుకొని నేల చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు ఒక్కొక్కరే మాట్లాడారు. కుట్లు విడిపోయి ఏడాదిపాటు మూత్రానికి పోవాలంటే వణికినామె. మొగుడు పక్కకు వస్తే ఇప్పటికీ గోడవైపు జరిగిపోయే ఇంకొకామె. ఎందుకో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ప్రతి ఒక్కరూ అది తన ఒంటి లోపమనుకొన్నారు. చౌడేశ్వరి ఎక్కువ మాట్లాడలేదు. చివర్లో ఒక్కటే అడిగింది: “ఆ తలుపు గడియ ఎందుకు పెడతారు?”

“అరుపు బయటికి రాకుండా,” అంది ఎవరో.

“మనమే రానియ్యకుంటే వాళ్ళకు గడియెందుకు?”

తేలింది ఇంతే. ధనలక్ష్మి ఆసుపత్రికే పోతుంది. నోట్లో ఏదీ పెట్టుకోదు. సూది లేకుండా కత్తెర ఎత్తితే అరుస్తుంది. ఆ అరుపు విన్నవాళ్ళందరూ అరుస్తారు. ఈరక్క పైట దులుపుకొని లేచింది. “నాకు గొంతు పెద్దది,” అంది గొణిగినట్టు. “వస్తాలే.”

ధనలక్ష్మికి నొప్పులు వచ్చిన రోజున ఎండ మండుతోంది. కబురు అందగానే పొద్దుటి పాళీ పని దిగినవాళ్ళ కంపెనీ బస్సు ఆసుపత్రి ముందే ఆగింది. వరండా నిండింది, మెట్లు నిండాయి, అంబులెన్సు నిలిచేచోటు మాత్రం ఖాళీగా వదిలి ఆవరణ నిండింది. ఎవరూ నినాదాలివ్వలేదు. ఆ నిశ్శబ్దమే కాపలావాడిని భయపెట్టింది. వాడు గేటు వేయబోతే అది మూసుకోనంతమంది అడ్డం కూర్చున్నారు.

ధనలక్ష్మి మొగుడు వాకిట్లో నిలబడిపోయాడు. ఆమె అత్త చెయ్యి పట్టుకొని వెనక్కి చూసింది.

“అత్తా, గొంతు రాకుంటే?”

“రాకుంటే నా చెయ్యి గీరు. నేనరుస్తా.”

కానీ ఉలిగమ్మను కాన్పుగదిలోకి రానివ్వలేదు. నర్సు రంజిత తల అడ్డంగా ఊపింది. ఆ అమ్మాయిదీ బుక్కపట్నం దగ్గర పల్లెటూరే, కళ్ళు కలపలేకపోయింది. కాన్పుగదికి తెర ఉంది. ఆ తెర ముందు నడవ. నడవకూ వరండాకూ మధ్య ఆ తలుపు. రంజిత రెక్క లాగింది.

ఉలిగమ్మ కొంగుముడి విప్పి పేలిక తీసింది. తలుపు పిడికి ఒక కొస, పక్కనున్న వరండా కిటికీ ఊచకు ఒక కొస, గొర్రెను కట్టే ముడి వేసి బిగించింది. తెరిచి ఉన్న తలుపు కదలలేదు. రంజిత ఒకసారి లాగింది. రెండోసారి లాగలేదు.

చాలాసేపు మూలుగులే వినబడ్డాయి. వరండాలో అత్తలు తమ చేతులను తామే నలుపుకొంటున్నారు. ఇన్నేళ్ళ అలవాటుకు కొందరు కొంగు అంచు నోటిదాకా తెచ్చుకొని, గుర్తొచ్చి వదిలేశారు. తెర వెనక ట్రేలో ఇనుము కదిలిన శబ్దమైంది.

“కాళ్ళు పట్టుకో,” అన్న సీతాదేవి గొంతు.

ఉలిగమ్మ తానే అరవడానికి నోరు తెరిచింది.

“సూది!”

అది ధనలక్ష్మి గొంతు. కేక కాదు, ఆజ్ఞ. పల్లెలో ఏ ఆడదీ ఎన్నడూ చేయని శబ్దం. “సూదెయ్యండి! ఏయకుండా ముట్టొద్దు!”

మొదట అందుకున్నది ఈరక్క. ఆమె వెనక వరండా, వరండా వెనక మెట్లు, మెట్ల వెనక ఆవరణ. “సూది! సూది!” ఒకే మాట. గోడలు అదిరాయి. పై అంతస్తు కిటికీలు తెరుచుకొన్నాయి. రోడ్డుమీద ఆటోలు ఆగాయి. పోతులయ్య గొంతు కూడా అందులో ఉంది.

సీతాదేవి తెర తీసుకొని వచ్చింది. ముఖం తెల్లబారింది. “ఇది ఆసుపత్రా, సంతా? లోపల ప్రాణం మీదికొస్తే ఎవరిది బాధ్యత?”

“నీదే, డాక్టరమ్మా,” అంది ఉలిగమ్మ. “అందుకే గదా నీ దగ్గరికి తెచ్చినాం. సూది పైన ఉండాది. మెట్లు ఎక్కి తెచ్చే పొద్దు గూడా ఆ బిడ్డకియ్యలేవా?”

“పోలీసులను పిలుస్తాను.”

“పిలువు. సూదేసి పిలువు.”

సీతాదేవి ఆవరణవైపు చూసింది. ఈ ముఖాలలో చాలావాటిని ఆమె ఇదివరకు చూసింది, కానీ పడుకొని ఉండగా. నిలబడి ఉండగా ఎన్నడూ చూడలేదు. “రంజితా, తీసుకురా,” అంది చివరికి.

రంజిత మెట్లమీద పరుగెత్తింది.

సూది వేశారు. మొద్దుబారేదాకా ఆగారు. ఆగిన ఆ కాసేపట్లో బిడ్డ తల తనంతట తనే దిగింది. కత్తెరతో పని పడలేదు. చిన్న చీలిక పడితే మత్తులోనే రెండు కుట్లు వేశారు. కారబోయిన రక్తాన్ని మందు ఆపింది. తల్లీబిడ్డా బతికారు. అంటే ఇన్నేళ్ళూ కోసిన వాటిలో ఎన్ని కోతలు ఉత్త తొందరకోసం కోసినవో అడగవలసిన ప్రశ్న ఆ మధ్యాహ్నం పుట్టింది.

దానికి జవాబుగా పోలీసు జీపు వచ్చింది. విధులకు ఆటంకం కలిగించారన్నాడు ఎస్సై. చౌడేశ్వరిని రెక్క పట్టి లాగారు. ఉలిగమ్మ తానే నడిచి వచ్చి జీపెక్కింది. ఈరక్క కూడా ఎక్కబోతే ఎస్సై అడ్డుకున్నాడు.

“నువ్వెందుకవ్వా, ఇంటికి పో.”

“అందరికంటే గట్టిగా అరిచింది నేనే అబ్బా. నన్నిడిస్తే తప్పు కాదా?”

జనం జీపు చుట్టూ కదలక నిలిచారు. ఇంజను మోగుతోంది. వరండాలో కాపలావాడు ఆ తలుపు మూయాలని పేలిక ముడితో పెనుగులాడుతున్నాడు. ముగ్గురు ఆడవాళ్ళు కొరికిన ఉన్ని, గోరు దిగలేదు. అంతలో లోపలినుంచి మరో కేక వచ్చింది. అప్పుడే తెచ్చిన ఎవరో అమ్మాయి, గాండ్లపెంట వైపునుంచి. వీళ్ళలో ఎవరికీ ఆమె పేరు కూడా తెలియదు.

“సూది!”

“అమ్మా, ఆ కత్తెర ఒకసారి ఇయ్యి, దీన్ని తెంపేస్తా,” అన్నాడు కాపలావాడు నడవలో ట్రేతో పోతున్న రంజితతో.

రంజిత ఆగింది. జీపులోనుంచి ఉలిగమ్మ ఆమెనే చూస్తోంది. ఈసారి ఆ అమ్మాయి కళ్ళు తిప్పుకోలేదు.

“ఇది లోపల పనికి. దీనికంటే ముందు సూది ఎయ్యల్ల,” అంది. “ఆ తలుపు జోలికి పోవద్దు. అట్లే ఉండనీ.”

ట్రే పట్టుకొని లోపలికి నడిచింది.