లేవు అన్న మాట

గ్లెనిస్ దువ్వెన కొనతో తెల్లజుట్టును పాయ తీసి, గులాబీ రంగు రోలర్‌కి చుట్టి పిన్ను గుచ్చింది. జుట్టుకి పూసే మందునీళ్ళు తగిలి తగిలి ఆమె వేళ్ళ చివర్లు ఏనాడో పగిలిపోయాయి. అయినా ఆ వేళ్ళు తల మీద పడితే నెస్టా అత్తకి హాయిగా కళ్ళు మూతపడతాయి.

వేల్స్ లోయలో, కొండ మీది ఆ వీధిలో అంతా ముసలివాళ్ళే. కిందికి దిగి మళ్ళీ ఎక్కే ఓపిక ఎవరికీ లేదు. అందుకే గ్లెనిసే తన చిన్న ఎర్రకారులో కత్తెరలు, రోలర్లు, తల మీదికి దించే పెద్ద డ్రైయర్ వేసుకుని ఏళ్ళ తరబడి ఇంటింటికీ తిరుగుతోంది. పెళ్ళి చేసుకోలేదు, షాపు పెట్టుకోలేదు. వాన పడితే ఆ కారులోనే కూర్చుని చీజు శాండ్‌విచ్ తినేది.

"ఏమే పిల్లా, ఇవాళ నోరు పడిపోయిందా?" అంది నెస్టా అత్త. గ్లెనిస్‌కి అరవై దాటినా ఆమెకు పిల్లే.

"కారు అమ్మేశానత్తా. సాయంత్రం వచ్చి తీసుకుపోతారు."

అద్దంలో ముసలికళ్ళు తెరుచుకున్నాయి.

గ్లెనిస్ చేతులు ఆపకుండానే చెప్పుకొచ్చింది. రెండేళ్ళ కిందట అతివేగానికి రెండుసార్లు కెమెరాకి చిక్కింది. జరిమానా పడింది, లైసెన్సు మీద మచ్చా పడింది. తర్వాత బీమా తీసుకునేటప్పుడు, శిక్షలేమైనా ఉన్నాయా అని అడిగితే "లేవు" అనేసింది. ఉన్నాయంటే కట్టలేనంత అడుగుతారని భయం. ఆ ఒక్క మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. పోయిన వారం మలుపులో నెస్టా అత్త పక్కింటివాళ్ళ మనవరాలు బంతి వెంట పరిగెత్తి కారు ముందుకొచ్చింది. బ్రేకు పడింది. పిల్ల బంతి తీసుకుని చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయింది. గ్లెనిస్ మాత్రం, తగిలుంటే ఆ అబద్ధపు బీమాతో ఏం చేసేదాన్ని అనుకుంటూ, చాలాసేపు స్టీరింగు వదల్లేకపోయింది. మర్నాడు తనే ఫోను చేసి నిజం చెప్పింది. ఈ రాత్రితో బీమా రద్దన్నారు. ఇంకెక్కడ అడిగినా కారు ఖరీదుకి మించి చెబుతున్నారు.

"అందులో ఒకసారి మా చెల్లి కోసమేగా!" అంది నెస్టా అత్త. "శవపెట్టె మూసేలోపు జుట్టు సర్దాలని ఉరికొచ్చావు. బతికుండగా చర్చికి కూడా టైముకి రానిది, చచ్చాక నిన్ను తొందరపెట్టింది."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే గ్లెనిస్ ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది.

"బాధగా ఉందా?"

"లేదత్తా. ఆ పిల్ల ఇందాక కూడా వీధిలో ఆడుకుంటోంది. చూశాను. అది చాలు."

నెస్టా అత్త గడ్డంతో ముందుగది వైపు చూపించింది. "ఆ డ్రైయర్ మా ముందుగదిలో పడెయ్. మా ఆయన పోయినప్పటినుంచి అక్కడ కూర్చునేవాళ్ళే లేరు. నువ్వు బస్సులో రా. ఈ వీధి ముసలమ్మలు నా గుమ్మం దాకా నడిచి రాలేరా? రానన్నవాళ్ళని నేను తిడతా. తిట్టడానికి కారు అక్కర్లేదుగా!"

గ్లెనిస్ ఆ రోలర్ల తల మీద మెల్లగా చెయ్యి వేసి ఉంచింది.

సాయంత్రం కిందిఊరి కుర్రాడొచ్చి తాళంచెవి తీసుకున్నాడు. అప్పటికే సన్నగా వాన. గ్లెనిస్ తడిసిన బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "బాగా ఆగావమ్మా ఆ రోజు" అంది. కుర్రాడికి ఏమీ అర్థం కాలేదు. కారు మలుపు తిరిగి దిగిపోయింది.

అది నిలిచిన చోట నేల ఇంకా పొడిగా ఉంది. ఆ పొడినేల మీద, తలుపు తీసినప్పుడు జారిపడి కారు కిందికి దొర్లిన గులాబీ రంగు రోలర్ ఒకటి, పళ్ళ మధ్య చిక్కుకున్న తెల్లవెంట్రుకతో, మెల్లగా తడుస్తోంది.