బొట్టు పెట్టని బొమ్మ

ఆధార్ కార్డులో మొహం ఎవరికి బాగుంటుంది గనక. నా భార్య మనోరమది మరీ ఘోరం. "దొంగతనం చేసి దొరికినట్టు ఉన్న," అనేది తనే. జబ్బు ముదిరి, ఇక మందులు ఆపేద్దామని డాక్టర్లు చెప్పిన రోజు, చిక్కడపల్లి ఇంట్లో మంచం మీద కూర్చుని ఆమె అడిగింది ఒక్కటే.

"నేను పోయినంక ఆ ఫోటోనే పెద్దగ చేయించి గోడకు పెడ్తరు. గా ఫోటో వద్దు. మీరు బొమ్మ గియ్యండి. నేను చూసి సరేనంటేనే పెట్టాలె."

నేను, ఈ కిషన్ రావును, ఉద్యోగమంతా నీటిపారుదల ఆఫీసులో మ్యాపులు గీసినవాణ్ని. గీత వెంట్రుకవాసి తప్పితే కాలువ పక్క ఊరికి పోతుంది. కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషినని నాకు పేరు. ఆ చేత్తోనే వాటర్‌కలర్‌లో మనోరమను గీశాను. కుంగిన బుగ్గలు, మెడ నరాలు, పెదవి మీద పుండు, ఏదీ వదల్లేదు. ఆమె చాలాసేపు చూసింది.

"దవాఖాన రిపోర్టు లెక్క ఉన్నది," అని గోడ వైపు తిరిగి పడుకుంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

అందుకే అశోక్ నగర్‌లో వాటర్‌కలర్ నేర్పే అభిజిత్ దగ్గర చేరాను. మా అమ్మాయి ఈడువాడు. కోచింగ్ సెంటర్ పైన గది. కింద గ్రూప్స్ పరీక్షల పిల్లలు బిట్లు వల్లె వేస్తుంటారు, పైన నేను తిట్లు తింటుంటాను. వెళ్లీ వెళ్లగానే నా సన్న బ్రష్ లాక్కుని, అరచేయంత వెడల్పున్న బ్రష్ చేతికిచ్చాడు.

"అంకుల్, కండ్లు సగం మూసి చూడండి. కాయితం తడి ఉన్నప్పుడే రంగు పెట్టి ఇడిసిపెట్టండి. అది ఎటు పోతే అటు పోనీయండి. మళ్ల చెయ్యి పెడ్తే బురదైతది."

"ఎటన్న పోతే బొమ్మెట్ల అయితది?"

"మీరు దిద్దుడు ఆపితే అయితది."

నాకు ఒళ్లు మండింది. నారాయణగూడ ఫ్లైఓవర్ బొమ్మ వేయమంటే స్తంభాలు లెక్కపెట్టాను. టీ బండి వేయమంటే గ్లాసుల అంచులు దిద్దాను. అన్నీ బురదే. ఇంటికొస్తే మనోరమ తలగడకు ఆనుకుని అడిగేది: "ఇయ్యాల ఎంత బురద తెచ్చిన్రు? ముసలోనికి దసరా పండుగన్నట్టు, ఇప్పుడా మీకు బడి?" నవ్వితే ఆయాసం వచ్చేది. ఆమెకు చూస్తే టైము లేదు, నాకు చూస్తే చేయి వదులు కావడం లేదు. ఆ కోపమంతా దారిలో ఆటోవాళ్ల మీద చూపించాను.

ఒక పొద్దున ఆమే ఆకుపచ్చ చీర కట్టుకుని, కిటికీ పక్కన కుర్చీ వేయించుకుంది. "ఇంక కూసోలేనేమో. ఇయ్యాలనే గియ్యండి," అంది. కాగితం తడిపాను. కళ్లు సగం మూశాను. చీర ఆకుపచ్చ మెడ దాకా పాకింది, ఆపలేదు. జుట్టు నీడలో కలిసిపోయింది, ఆపలేదు. మొహానికి లేత రంగు ఒకే ఊపులో వేసి, కళ్ల చోట రెండు నీడలు వదిలాను. కాగితం మీద, తల కాస్త పక్కకు వంచి, నన్ను ఏదో ఎగతాళి చేయబోతున్న మనోరమ. జబ్బు ఎక్కడా లేదు.

కళ్లు దిద్దుదామని సన్న బ్రష్ తీశాను.

"ముట్టకండి," అంది. "దాంట్ల నేను బాగున్న. ఇదే పెట్టండి." కాసేపటికి మళ్లీ అంది. "బొట్టు మరిచిన్రు."

"తడి మీద పెడితే పారుతది. ఆరనీ, పెడ్త."

అది ఆరేలోపే ఆమెకు ఊపిరి అందలేదు. అంబులెన్స్‌లో పోయిన మనిషి తిరిగి రాలేదు. ఆ తర్వాత బొట్టు పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

దినాల నాడు మా అమ్మాయి రాగిణి ఆధార్ ఫోటో పెద్దది చేయించి, అద్దం బిగించి తెచ్చింది. "తీసెయ్," అని అరిచాను. నా బొమ్మను అట్టకు అంటించి హాల్లో పెట్టాను. ఫ్రేమ్ కట్టించే తీరిక ఎవరికుంది? కర్మ చేయించే అయ్యగారు పిలిస్తే డాబా మీదికి పోయాను.

కిందికి వచ్చేసరికి దండ వేసి ఉంది. మార్కెట్ పూలు, నీళ్లు చల్లి కట్టినవి. కాగితం అప్పటికే తడిసింది. మనోరమ అక్క శ్రీలక్ష్మి వదిన తడి కుంకుమ వేలితో తీసింది. "ముత్తైదువగ పోయిన పిల్ల. నొసలు బోసిగ పెడ్తరా?" అంటూ, నేను నోరు తెరిచేలోపే బొట్టు పెట్టేసింది.

ఎరుపు ఒక్క క్షణం చుక్కగా నిలిచింది. తర్వాత పారింది. కనుబొమ్మల్లోకి, కళ్ల నీడల్లోకి, బుగ్గ మీదుగా పెదవి దాకా పోయింది.

రుమాలు తీశాను. అద్దితే ఉన్న మొహం కూడా ఊడి వస్తుంది. ఊరుకుంటే అదే పోతుంది. రుమాలు పట్టుకుని అలాగే నిలబడ్డాను. వదిన ఏడుస్తూ చేయి తుడుచుకుంది. రాగిణి బొమ్మ తీసి, ఆధార్ ఫోటో పెట్టింది. వదిన దానికీ బొట్టు పెట్టింది. అద్దం మీద అది కదలలేదు.

గోడ మీద ఇప్పుడు ఆ ఫోటోనే ఉంది. మనోరమ చెప్పినట్టే ఉంది, దొంగతనం చేసి దొరికినట్టు. బొమ్మ బీరువాలో ఆరింది. సన్న బ్రష్‌తో ఒక పూట కూర్చుంటే ఆ ఎరుపు చాలావరకు తీసి, కళ్లు మళ్లీ గీయగలను. నా చేతికి వచ్చిన పని అదే కదా. ముట్టకండి అంది. ముట్టలేదు.